నాయనమ్మ కుర్చీ మీద ఆ చెయ్యి ఎవరిది?

ప్రశ్న: నాకు 54 ఏళ్ళు. మాది గోదావరి జిల్లాలో ఒక పల్లె. అమ్మా నాన్నా పోయాక ఊళ్ళో ఇల్లు తమ్ముడు బేరం పెట్టాడు. గోడకున్న ఫోటోలు నాకిమ్మంటే, ‘పెళ్ళై వెళ్ళినదానివి, మా ఇంటి పెద్దల ఫోటోలు నీకెందుకక్కా’ అన్నాడు. ఆ మాట నెల రోజులుగా మింగుడుపడట్లేదు. ఇంకో సంగతి. నాయనమ్మ ఫోటోలో ఆవిడ కుర్చీ మీద వేరే ఎవరివో నాలుగు వేళ్ళు కనిపిస్తాయి. చిన్నప్పుడు అడిగితే అమ్మ కసిరేది. ఇల్లు సర్దుతుంటే ట్రంకుపెట్టెలో అసలు గ్రూప్ ఫోటో దొరికింది. ఆ చెయ్యి తాతయ్య అక్కగారిదని పక్కింటి పెద్దాయన చెప్పారు. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసి, నాన్నవాళ్ళని ఆవిడే పెంచిందట. ఆవిడ ఫోటో మా గోడ మీద ఎప్పుడూ లేదు. నాన్న ఉంటే ఇప్పుడు 90. మేనత్తకి 86, ఇక ఆవిడకే తెలియాలి. అడిగితే ‘ఇప్పుడవన్నీ ఎందుకే’ అని ముఖం తిప్పేసుకుంది. మేనల్లుడేమో యాప్‌లో ఆ వేళ్ళు చెరిపేసి ఫోటోని కొత్తదానిలా చేసిస్తానంటున్నాడు. నాకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీరు ఫోన్‌తో తీసి పంపిన గ్రూప్ ఫోటోని పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. ముందు దాని గురించి చెప్పనివ్వండి. తమ్ముడి సంగతికి తర్వాత వస్తాను.

కుర్చీల్లో తాతయ్య, నాయనమ్మ. కింద జంపఖానా మీద ముగ్గురు పిల్లలు. వెనక గుడ్డ మీద గీసిన స్తంభాలు, పూలకుండీ. నాయనమ్మ వెనక ముతక చీర కొంగు నెత్తి నిండా కప్పుకుని తాతయ్య అక్కగారు నిలబడి ఉంది. ఒక చెయ్యి కుర్చీ మీద వేసింది. ఇంకో చేత్తో ఏడాది నిండని పిల్లని చంకనెత్తుకుంది. పిల్ల బుగ్గన దిష్టిచుక్క ఉంది. ముఖం కాస్త అలుక్కుపోయింది, తీసేటప్పుడు కదిలినట్టుంది. ఇప్పుడు లెక్క చూడండి. కింద చివర కూర్చున్న నాలుగేళ్ళ పిల్లవాడు మీ నాన్నగారైతే, ఆ చంకలో పిల్ల మీ మేనత్తే అయి ఉండాలి. ఆవిడ ముఖం ఎందుకు తిప్పుకుందో నాకు కొంత అర్థమైంది. మీరు అడిగింది ఎవరో దూరపు చుట్టం గురించి కాదు, ఆవిడని ఎత్తుకుని పెంచిన మనిషి గురించి.

ఆ వేళ్ళ సంగతి. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి విడిగా ఫోటో ఉండడం తక్కువ. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని భయపడేవాళ్ళు కూడా ఉండేవారు. పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో వేరుగా జనానా స్టూడియో పెట్టి, ఫోటోలు తీయడానికి ఒక ఆంగ్ల మహిళను నియమించారు. అది ఉన్నవాళ్ళ సంగతి. మన పల్లెల్లో మనిషి పోయాకే ఫోటో అవసరం గుర్తొచ్చేది. అప్పుడు ఇంట్లో ఉన్న గ్రూప్ ఫోటో పట్టుకెళ్ళి, ఆ ఒక్క మనిషి వరకూ ఎన్లార్జ్ చేయించేవారు. పక్కవాళ్ళ భుజాలూ కొంగులూ బ్రష్‌తో రంగు పూసి కప్పేసేవారు. మీ నాయనమ్మ ఫోటోలో కొంగు కప్పేశారు, పసిపిల్లని కప్పేశారు. కుర్చీ నగిషీలో కలిసిపోయిన వేళ్ళు మాత్రం మిగిలిపోయాయి.

మీ గోదావరి ఒడ్డునే, రాజమండ్రిలో, 1881 డిసెంబరులో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అది జరిగిన అరవై ఏళ్ళకి కూడా ఎన్నో ఇళ్ళల్లో ఇలాంటి ఆడపడుచులు వంటింట్లోనే బతుకు వెళ్ళదీశారు. శుభకార్యంలో ఎదురు రానివ్వని మనిషిని ఫోటోలో నిలబెట్టేవాళ్ళు అరుదు. మీ తాతయ్య నిలబెట్టారు, అదీ ఓ మూలన కాదు, తన భార్య కుర్చీ వెనక. అందుకని ఆయన మీద అప్పుడే కోపం పెంచుకోకండి. గోడ మీద ఆవిడకి చోటు ఎందుకు లేకపోయిందో మీ అత్తయ్య చెప్పేదాకా తెలియదు.

కాబట్టి మేనల్లుణ్ణి ఆ వేళ్ళు చెరపనివ్వకండి. పిల్లవాడిది మంచి ఉద్దేశమే. కానీ ఆ ఇంటి గోడ మీద ఇన్నేళ్ళూ ఆవిడకి ఉన్నది ఆ నాలుగు వేళ్ళే. ఇలాంటి యాప్‌లు పాడైన చోట ముఖాన్ని సొంతంగా ఊహించి గీసేస్తాయి, రంగులూ అంతే. బొట్టులేని నుదుట బొట్టు పెట్టేసినా పెట్టేస్తాయి. వాడికి వేరే పని అప్పజెప్పండి. అన్ని ఫోటోలూ 600 డీపీఐలో స్కాన్ చేసి, అందరికీ పంపి, రెండు మూడు చోట్ల దాచమనండి.

ఇక్కడొక జాగ్రత్త, చాలా గట్టిగా చెబుతున్నాను. ఫ్రేములో ఫోటో అద్దానికి అతుక్కుని ఉంటే ఊడదీయొద్దు. ఫోటో పైపొర జెలటిన్, చెమ్మకి మెత్తబడి అద్దాన్ని జిగురులా పట్టేస్తుంది. మా అమ్మ పెళ్ళికి ముందు తీయించుకున్న ఒకే ఒక్క ఫోటో అలా అతుక్కుంటే, తడిపి లాగాను. ముఖం అద్దం మీద ఉండిపోయింది, నా చేతిలో తెల్ల కాగితం మిగిలింది. ఇరవై రెండేళ్ళైనా ఆ బాధ తగ్గలేదు. మీరు అద్దంతో సహా స్కాన్ చేయించండి, లేదా ఫ్లాష్ లేకుండా పగటి వెలుతురులో ఫోటో తీయించండి. లామినేషన్ జోలికి వెళ్ళకండి. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా రాయండి. బాల్‌పెన్ను వద్దు.

తమ్ముడి మాట తప్పే. పెళ్ళైతే నాయనమ్మ పరాయిదైపోదు. అయినా ఒకసారి అతని వైపు నుంచి చూడండి. ఆబ్దికాలు పెట్టేది అతను. ఆ రోజున పీట మీద పెట్టి దండ వేయడానికి అతనికి ఆ ఫోటోలు కావాలి. పుట్టిన ఇల్లు తన చేతుల మీదుగా అమ్ముతున్నాడు, లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉండి ఉంటుంది. ఫోన్లో కాదు, ఇంటికి వెళ్ళి మాట్లాడండి. మరదలు కూడా ఉండగా, ‘ఒరేయ్, నాయనమ్మ నీకెంతో నాకూ అంతే. అసలువి నీ దగ్గరే ఉండనీ. ఇల్లు అప్పజెప్పేలోపు ఒక్క వారం నాకివ్వు, అందరికీ కాపీలు తీయించి తెచ్చిస్తాను’ అనండి. ట్రంకుపెట్టెలో దొరికిన ఫోటో మీ దగ్గర ఉంటే దాచకండి, దానికీ అతనికి కాపీ ఇవ్వండి. ఇంటి కాగితాల విషయం దీనితో కలపకండి. 2005 చట్ట సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు వచ్చింది. సంతకం పెట్టే ముందు ఒక లాయరుకి చూపించుకోండి. ఫోటోల మీద కోపంతో సంతకం ఆపొద్దు, ఫోటోల కోసం సంతకం పెట్టొద్దు.

అన్నిటికన్నా ముందు మీ అత్తయ్య దగ్గరికి వెళ్ళండి. 86 ఏళ్ళంటే వచ్చే పండక్కి చూద్దాంలే అనుకోవడానికి లేదు. ఒక్కరే వెళ్ళండి. గ్రూప్ ఫోటోని పెద్ద సైజులో ప్రింటు తీయించి పట్టుకెళ్ళండి, ఆవిడ కళ్ళకి ఆనాలి కదా. మధ్యాహ్నం కునుకు తీసి లేచి కాఫీ తాగే వేళ అయితే బాగుంటుంది. తాతయ్య అక్కగారి జీవితంలో ఏం జరిగింది, ఆవిడ ఫోటో గోడ మీద ఎందుకు లేదు అని మొదలుపెట్టకండి. చంకలో పిల్లని చూపించి, ‘అత్తయ్యా, ఈ దిష్టిచుక్క పెట్టుకున్న పాప ఎవరు?’ అని అడగండి. చెబితే వినండి, మధ్యలో అడ్డం పడకండి. ఫోన్లో రికార్డు చేయాలనుకుంటే ఆవిడని అడిగే చేయండి. తాతయ్య అక్కగారి పేరు మాత్రం తప్పకుండా తెలుసుకోండి, మీ ఉత్తరంలో అది ఎక్కడా లేదు.

ఆ రోజు ఏమీ చెప్పకపోతే బలవంతపెట్టకండి. ప్రింటు ఆవిడ మంచం పక్కన పెట్టి, మళ్ళీ ఆదివారం వస్తానని చెప్పి రండి.