మెదడు చదువా, ఎంబీబీఎస్సా?

ప్రశ్న: మాది హన్మకొండ. అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. నేరగాళ్ల మెదడు గురించి వీడియోలు చూసి ఫోరెన్సిక్ సైకాలజీ చేస్తానంటోంది. మేమేమో డాక్టర్ చేయాలనుకుంటున్నాం. ఏది మంచిది? ఇంకో మాట, తొమ్మిదో తరగతి చదివే మా బాబుకు కోపమొస్తే చేతిలో ఉన్నది విసిరికొడతాడు. నాలుగు తగిలించినా మారలేదు. మెదడు స్కాన్ తీయిస్తే ఏమన్నా తెలుస్తుందా?

జవాబు: సార్, చివర్లో రాసిన ఆ ‘ఇంకో మాట’ దగ్గరే మీ టెన్షనంతా ఉంది. ముందు అదే చూద్దాం.

కణతల లోపలివైపు బాదం గింజ ఆకారంలో అమిగ్డలా ఉంటుంది. ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని సిద్ధం చేసేది అదే. నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ దానికి కళ్లెం వేస్తుంది. ఆ భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ల దాకా పడుతుంది. ఈ వయసులో పిల్లలు చటుక్కున రెచ్చిపోవడానికి అదొక కారణం. 1966లో టెక్సస్ యూనివర్సిటీ టవరెక్కి కాల్పులు జరిపిన చార్లెస్ విట్మన్ మెదడులో పోస్ట్‌మార్టంలో కణితి కనిపించింది. అయినా దానివల్లే చంపాడని నిపుణుల కమిటీ తేల్చి చెప్పలేకపోయింది. మెదడును కోసి చూసినా తేలనిది స్కాన్‌లో తేలుతుందా? తలకు దెబ్బ, ఫిట్స్, ఉన్నట్టుండి మారిన ప్రవర్తన ఉంటే మాత్రం న్యూరాలజిస్టుకు చూపించండి. లేకపోతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి మాట్లాడండి, ఉచితమే.

మరి ఆ నాలుగు తగిలించడం సంగతి? కోపమొస్తే చెయ్యి లేపొచ్చని బాబుకు చూపిస్తున్నది మీరే కదా! కటువుగా అంటున్నా, ఏమనుకోకండి. స్కాన్ డబ్బులు దాచుకోండి, ముందు చెయ్యి దించండి.

ఇక అమ్మాయి సంగతి. ఫోరెన్సిక్ సైకాలజీ మీద నాకు అనుమానాలున్నాయి. వీడియోల్లో కనిపించినన్ని ఉద్యోగాలు బయట లేవు. పైగా ఆ వీడియోల్లో చూపించే బ్రెయిన్ మ్యాపింగ్‌ను, అంటే నేరం సంగతి తెలుసో లేదో మెదడు తరంగాలను బట్టి చూసే పరీక్షను, సమ్మతి లేకుండా నిందితులకు చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో ఎవరూ క్లినికల్ సైకాలజిస్టు కారు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. అమ్మాయికి నిజంగా మెదడు మీదే ఆసక్తి ఉంటే డిగ్రీ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఉంది, బెంగళూరులో మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉంది. ఎంబీబీఎస్ సీటొస్తే సైకియాట్రీ ఎండీ కూడా అదే మెదడు దగ్గరికి తీసుకెళ్తుంది. కాబట్టి మీ ఇద్దరి కోరికలూ మీరనుకున్నంత దూరంగా లేవు. ఈసారి నీట్ రాయనివ్వండి. ర్యాంకు రాకపోతే ఇష్టం లేని పిల్లను లాంగ్‌టర్మ్‌కు తోయకుండా, సైకాలజీ ఉన్న డిగ్రీలో చేర్పించండి.