ఊరికి మూడు నాలుగు జట్లు: అభిమానంలో ఏది ముందు?

అమెరికా పెద్ద నగరాల్లో ఒక్కో ఊరికి మూడు నాలుగు ప్రొఫెషనల్ జట్లుంటాయి, ఒక్కోటి ఒక్కో ఆటలో. జనానికి వాటి మీద ఉండే అభిమానం ఒక్కలా ఉండదు, దానికీ ఓ వరుస ఉంటుంది. ఆ వరుస ఎలా ఏర్పడుతుంది, ఎలా కొలవాలి అంటూ అక్కడి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మేం పిట్స్‌బర్గ్‌కి కొత్తగా వచ్చాం. ఇక్కడ ఫుట్‌బాల్‌కి (అమెరికన్ ఫుట్‌బాల్, సాకర్ కాదు) స్టీలర్స్, ఐస్ హాకీకి పెంగ్విన్స్, బేస్‌బాల్‌కి పైరేట్స్. ఈ శతాబ్దంలో ఎక్కువ కప్పులు తెచ్చింది పెంగ్విన్సే కదా, మరి ఆఫీసులో ఎవర్నడిగినా స్టీలర్స్ తర్వాతే ఎవరైనా అంటారేమిటి? (పిట్స్‌బర్గ్ పాఠకురాలు)

జవాబు: లెక్క మీరన్నట్టే ఉంది. 2000 తర్వాత పెంగ్విన్స్ మూడుసార్లు (2009, 2016, 2017) కప్పు గెలిస్తే, స్టీలర్స్ రెండుసార్లే సూపర్ బౌల్ (ఫుట్‌బాల్ టైటిల్ మ్యాచ్) గెలిచింది. కానీ అభిమానం వరుసను కప్పుల కంటే ముందు క్యాలెండర్ నిర్ణయిస్తుంది. ఫుట్‌బాల్ లీగైన ఎన్ఎఫ్ఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలో ఆడేది 17 మ్యాచ్‌లు, అవీ వారానికొకటి, ఎక్కువగా ఆదివారాలు. బాస్కెట్‌బాల్‌లో 82, హాకీలోనూ దాదాపు అంతే. బేస్‌బాల్‌లోనైతే 162. పదిహేడింటిలో ఒకటి పోతే వారమంతా ఊరు దాని గురించే మాట్లాడుతుంది. 162లో ఒకటి పోతే మర్నాడు సాయంత్రానికి ఇంకో మ్యాచ్ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.

టీవీ సంగతీ అలాంటిదే. స్థానిక ఎన్ఎఫ్ఎల్ జట్టు మ్యాచ్ కేబుల్ చానల్లో వచ్చినా సరే, సొంత ఊళ్లో మాత్రం ఉచితంగా యాంటెన్నాకు అందే చానల్లో కూడా వేస్తారు. హాకీ, బేస్‌బాల్ మ్యాచ్‌లు చాలామటుకు డబ్బు కట్టి చూసే చానళ్లలోనే వస్తాయి. పెద్దగా ఆసక్తి లేనివాడి కంట్లో కూడా పడే జట్టు ఒక్కటే అన్నమాట.

పిట్స్‌బర్గ్‌కి ప్రత్యేకమైన కారణం మరోటుంది. 1974 నుంచి 1979 వరకు ఆరు సీజన్లలో స్టీలర్స్ నాలుగు సూపర్ బౌల్స్ గెలిచింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఉక్కు కర్మాగారాలు వరసగా మూతపడి, వేల కుటుంబాలు పని వెతుక్కుంటూ వేరే రాష్ట్రాలకు వెళ్లాయి. ఊరు వదిలినా జట్టును వదల్లేదు, పిల్లలకూ అంటించారు. 1975లో మొదలైన పసుపు తువ్వాళ్లు ఊపే అలవాటు ఇప్పుడు ఎదుటి జట్ల స్టేడియాల్లోనూ కనిపించేది అందుకే.

పైరేట్స్ పరిస్థితి దీనికి తలకిందులు. చివరి ప్రపంచ టైటిల్ 1979లో. 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. 2001లో తెరిచిన వాళ్ల మైదానం దేశంలోకెల్లా అందమైన వాటిలో ఒకటని పేరు. నదికి అవతల ఊరు కనిపిస్తూ ఉంటుంది. అక్కడికొచ్చేవాళ్లలో జట్టు కోసం ఎందరు, సాయంత్రం కాలక్షేపానికి ఎందరు అన్నది వేరే లెక్క. ఇంకో విషయం, అక్కడి మూడు జట్లవీ నలుపు, పసుపు రంగులే. పెంగ్విన్స్ కూడా నీలం వదిలేసి 1980లో వాటికే మారింది. కాబట్టి అక్కడ ఒక జట్టును ముందు పెట్టడమంటే మిగతావాటిని కాదనుకోవడం కాదు.

ప్రశ్న: డెన్వర్‌లో బ్రాంకోస్ (ఫుట్‌బాల్), నగ్గెట్స్ (బాస్కెట్‌బాల్), అవలాంచ్ (హాకీ), రాకీస్ (బేస్‌బాల్) అని నాలుగు జట్లు. మా యూనివర్సిటీ స్టాటిస్టిక్స్ క్లబ్ తరఫున అభిమానుల వరుస మీద సర్వే చేద్దామనుకుంటున్నాం. ‘మీకు ఇష్టమైన జట్టు ఏది?’ అని అడిగితే చాలదా? (డెన్వర్ విద్యార్థి)

జవాబు: చాలదు. ఆ ప్రశ్న మొదటి స్థానం ఒక్కటే చెబుతుంది, మీ ఊళ్లో ఆ జవాబు సర్వే లేకుండానే చాలామంది చెప్పేస్తారు. తెలియాల్సింది ఆ తర్వాతి మూడు స్థానాలు.

ముందుగా, నాలుగింటిలో ఏయే జట్లను అసలు పట్టించుకుంటారో టిక్ పెట్టమనండి. ‘పట్టించుకోను’ అన్న గడి లేకపోతే, హాకీ ఎన్నడూ చూడని మనిషి కూడా హాకీ జట్టుకు నాలుగో స్థానం ఇచ్చేస్తాడు. మీ పట్టికలో అది కొద్దిపాటి అభిమానంగా కనిపిస్తుంది. నాలుగో స్థానం వేరు, అసలు స్థానమే లేకపోవడం వేరు. తర్వాత, టిక్ పెట్టినవాటికే వరుస ఇమ్మనండి. కాగితం మీద జట్ల పేర్లు అందరికీ ఒకే క్రమంలో ఉండకూడదు, పైన ఉన్న పేరుకు ఊరికే కొన్ని ఓట్లు ఎక్కువ పడతాయి. నాలుగు పేర్లను 24 రకాలుగా పేర్చవచ్చు గానీ అంత అవసరం లేదు. ప్రతి జట్టూ ఒక్కసారి పైకొచ్చేలా నాలుగు రకాల కాగితాలు అచ్చు వేయించి సమానంగా పంచితే సరిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ‘రెండు జట్లకూ ఒకే రాత్రి సొంత ఊళ్లోనే ప్లేఆఫ్ మ్యాచ్, ఓడితే ఇంటికే. టికెట్ ధర ఒకటే. ఏ మ్యాచ్‌కి వెళ్తారు?’ దీన్ని జత జతకీ అడగాలి. నాలుగు జట్లకు 6 జతలు, ఐదు జట్లయితే 10. పది దాటితే జనం విసిగి చేతికొచ్చిన చోట టిక్ కొడతారు. వరుస ఇమ్మన్నప్పుడు మొహమాటం ఉంటుంది, ఏదో ఒకటి వదులుకోమన్నప్పుడు ఉండదు. రెండు ప్రశ్నల ఫలితాలు తేడాగా వస్తే రెండోదాన్నే నమ్మండి.

లెక్కకట్టేటప్పుడు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. మాట వరసకు వంద మంది, మూడు జట్లు అనుకుందాం. 45 మంది క, ఖ, గ వరుసలో పెట్టారు. 40 మంది గ, ఖ, క అన్నారు. మిగిలిన 15 మంది ఖ, క, గ. మొదటి స్థానం ఓట్లు మాత్రమే చూస్తే ‘క’ 45తో గెలిచింది, ‘ఖ’ 15తో అట్టడుగున ఉంది. అదే మొదటి స్థానానికి 2, రెండోదానికి 1 మార్కు ఇచ్చి చూడండి. ఖ 115, క 105, గ 80. జతలుగా చూసినా ఖ జట్టు క మీద 55-45తో, గ మీద 60-40తో గెలుస్తుంది. అదే కాగితాలు, రెండు రకాల విజేతలు. అందుకని మొదటి స్థానం ఓట్లు, మొత్తం మార్కులు రెండూ అచ్చు వేయండి, ఒకటే వేస్తే సగం సంగతి దాచినట్టే.

ఎంతమందిని అడగాలి? యాదృచ్ఛికంగా ఎంచుకున్న 400 మందయితే శాతాల్లో ఇటు 5, అటు 5 పాయింట్ల తేడా ఉండొచ్చు. వంద మందయితే అది పదికి పెరుగుతుంది. ఆ తేడా సగానికి తగ్గాలంటే నాలుగు రెట్ల మంది కావాలి. ఆ నాలుగొందల మందినీ వయసు ప్రకారం నాలుగు గుంపులు చేశారంటే ఒక్కో గుంపులో మళ్లీ వందే మిగులుతారు. ‘యువతలో నగ్గెట్స్ ముందుంది’ అని రాసే ముందు ఇది గుర్తుంచుకోండి. వయసు, ఈ ప్రాంతంలో ఎన్నేళ్లుగా ఉంటున్నారు, బడి చదువు ఎక్కడ అన్న మూడూ తప్పక అడగండి. పేరు, ఫోను నంబరు అక్కర్లేదు. స్టేడియం గేటు దగ్గర గానీ, ఒకే వాట్సాప్ గ్రూపులో గానీ అడిగితే ఎంతమంది జవాబిచ్చినా అది ఊరి మాట కాదు.

కాలం కూడా ముఖ్యమే. అక్టోబరు చివర్లో నాలుగు లీగులూ ఒకేసారి నడుస్తుంటాయి. జులైలో ఈ నాలుగింటిలో బేస్‌బాల్ ఒక్కటే మైదానంలో ఉంటుంది. ఒక్కసారే చేయగలిగితే అక్టోబరు చివర్న చేయండి. కుదిరితే ఏప్రిల్‌లో అదే మనుషుల్ని మళ్లీ అడగండి. రెండుసార్లూ కదలని స్థానాలే గట్టివి.

అభిమానం లోతు కూడా కావాలంటే మనస్తత్వ పరిశోధకులు వాన్, బ్రాన్స్‌కోంబ్ 1993లో ప్రచురించిన కొలమానం ఉంది. ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 8 మార్కులు, మొత్తం 7 నుంచి 56. ఒకటో జట్టుకు 50, రెండోదానికి 48, మూడోదానికి 15 వచ్చాయనుకోండి, వరుస మాత్రం ఒకటి, రెండు, మూడు అనే చెప్పి ఊరుకుంటుంది.

ప్రశ్న: మిల్వాకీలో బ్రూవర్స్ బేస్‌బాల్ మ్యాచ్‌లకు ఏడాదికి 20 లక్షల మందికి పైగా వస్తారు. గ్రీన్ బే ఊరి ఫుట్‌బాల్ జట్టు ప్యాకర్స్‌కి అందులో సగం కూడా రారు. అయినా మా విస్కాన్సిన్ రాష్ట్రంలో ప్యాకర్సే మొదటి జట్టంటే ఎలా? (మిల్వాకీ పాఠకుడు)

జవాబు: భాగించకుండా పోల్చారు. బ్రూవర్స్‌కి సొంత మైదానంలో 81 మ్యాచ్‌లు, ప్యాకర్స్‌కి లీగ్ దశలో 8 లేదా 9. ప్యాకర్స్ స్టేడియం ల్యాంబో ఫీల్డ్‌లో పట్టేదే దాదాపు 81 వేల మంది, కాబట్టి అన్నీ నిండినా మొత్తం ఏడు లక్షల చిల్లర దాటదు. వచ్చిన జనాన్ని మ్యాచ్‌లతో భాగించి, దాన్ని సీట్ల సంఖ్యతో పోల్చి శాతం తీయండి. బేస్‌బాల్‌లో ప్రకటించే అంకె అమ్ముడైన టికెట్లది, గేటు దాటి లోపలికొచ్చిన మనుషులది కాదు. ఆ తేడా వర్షం పడే ఏప్రిల్ రాత్రుల్లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ప్యాకర్స్ విషయంలో హాజరు కంటే మంచి కొలత ఉంది. 1960 నుంచి సీజన్ టికెట్లన్నీ ముందే అమ్ముడవుతున్నాయి, వాటి కోసం పేరు రాయించుకుని వేచి ఉన్నవాళ్లు లక్షకు పైనే. 1923 నుంచి ఆ జట్టు యజమానులు ప్రజలే. 2021లో మొదలుపెట్టిన అమ్మకంలో వాటా ధర 300 డాలర్లు. డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకునే వీలూ లేదు. అయినా ఇప్పుడు వాటాదారులు 5 లక్షలకు పైగా ఉన్నారు, గ్రీన్ బే జనాభాయేమో లక్ష చిల్లర. తిరిగి రాదని తెలిసీ డబ్బు పెట్టేవాళ్ల సంఖ్య ఏ హాజరు పట్టికకన్నా గట్టి సాక్ష్యం. పైగా 1994 వరకు ప్యాకర్స్ ఏటా కొన్ని మ్యాచ్‌లు మిల్వాకీలోనే ఆడేది. మీ ఊరివాళ్లకు అది పొరుగూరి జట్టు కాదు.

ప్రశ్న: గెలిచే జట్టే మొదటి స్థానానికి వస్తుంది కదా? బోస్టన్‌లో మా పిల్లలకు ఫుట్‌బాల్ జట్టు పేట్రియాట్స్ తప్ప ఇంకోటి పట్టదు. (బోస్టన్ పాఠకురాలు)

జవాబు: మీ పిల్లల పుట్టిన సంవత్సరాలు చూడండి. 2001 నుంచి 2018 సీజన్ల మధ్య పేట్రియాట్స్ ఆరు సూపర్ బౌల్స్ గెలిచింది. ఏడెనిమిదేళ్ల నుంచి పదిహేనేళ్ల వయసులో గెలుస్తూ కనిపించిన జట్టు చాలామంది మనసులో పాతుకుపోతుంది. కానీ అదే ఊళ్లో బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్ 1918 తర్వాత 2004 దాకా, 86 ఏళ్లు, ఒక్క టైటిల్ లేకుండానే ఇంటింటి జట్టుగా నిలిచింది.

గెలుపు ప్రభావం లేదని కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్దీని బృందం 1976లో ప్రచురించిన పరిశోధనలో, కాలేజీ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం విద్యార్థులు కాలేజీ పేరున్న దుస్తులు ఎక్కువగా వేసుకొచ్చారు. గెలిస్తే ‘మనం గెలిచాం’ అనే ధోరణి కూడా పెరిగింది. అయితే గెలుపు ఎక్కువగా కదిలించేది రెండు, మూడు స్థానాలనే. క్లీవ్‌ల్యాండ్ చూడండి. 2016లో క్యావలియర్స్ బాస్కెట్‌బాల్ టైటిల్ తెచ్చి ఊరి 52 ఏళ్ల కరువు తీర్చింది. ఆ మరుసటి ఏడే ఫుట్‌బాల్ జట్టు బ్రౌన్స్ 16 మ్యాచ్‌లూ ఓడింది. ఊళ్లో వాదన మాత్రం బ్రౌన్స్ గురించే నడిచింది.

ప్రశ్న: ఓక్లాండ్ నుంచి 2019లో వారియర్స్ (బాస్కెట్‌బాల్), 2020లో రైడర్స్ (ఫుట్‌బాల్), 2024 సీజన్ తర్వాత అథ్లెటిక్స్ (బేస్‌బాల్) వెళ్లిపోయాయి. ఖాళీ అయిన స్థానం ఎవరికి దక్కుతుంది? (ఓక్లాండ్ పాఠకుడు)

జవాబు: మూడింటినీ ఒక గాటన కట్టకండి. వారియర్స్ దాటింది శాన్‌ఫ్రాన్సిస్కో బే (సముద్రపు పాయ) మాత్రమే, అభిమానులు రైలెక్కి వెళ్లొస్తున్నారు. స్థానం పెద్దగా మారదు. రైడర్స్ 1982లో లాస్ ఏంజెలెస్‌కి వెళ్లి 1995లో తిరిగొచ్చిన జట్టు. ఒకసారి పోయి వచ్చినదాన్ని లాస్ వెగాస్‌లో ఉన్నా తమదే అనుకునేవాళ్లు మిగిలారు. అథ్లెటిక్స్ అభిమానులదే కష్టం. దగ్గర్లో ఉన్న బేస్‌బాల్ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్, 1989 ప్రపంచ సిరీస్‌లో ఎదుటి పక్షం. పాతవాళ్లు అటు వెళ్లడం కంటే బేస్‌బాలే మానేస్తారు. పదేళ్ల పిల్లలు మాత్రం టీవీలో వచ్చే జట్టును పట్టుకుంటారు.

పేరు ఎవరి దగ్గర ఉందన్నదీ చూడాలి. బ్రౌన్స్ ఆటగాళ్లు 1996లో బాల్టిమోర్‌కి వెళ్లినా పేరు, రంగులు, రికార్డులు క్లీవ్‌ల్యాండ్‌లోనే ఉండిపోయాయి. 1999లో కొత్త జట్టు వస్తే అభిమానులకు కొనసాగింపులాగే అనిపించింది. సియాటిల్ బాస్కెట్‌బాల్ జట్టు సోనిక్స్ 2008లో ఓక్లహోమా సిటీకి తరలిపోయాక కూడా ఆ ఆకుపచ్చ చొక్కాలు సియాటిల్‌లో తిరుగుతూనే ఉన్నాయి. సర్వే చేస్తే వెళ్లిపోయిన జట్టు పేరును కొన్నేళ్లపాటు జాబితాలో ఉంచండి. తీసేస్తే ఆ ఓట్లు ‘ఎవరూ కాదు’లో కలిసిపోతాయి.

ప్రశ్న: షికాగోలో కబ్స్, వైట్ సాక్స్ రెండూ బేస్‌బాలే. రెండింటికీ వరుస ఇవ్వొచ్చా? (షికాగో పాఠకుడు)

జవాబు: ఇవ్వొచ్చు, కానీ ఒకే జాబితాలో కాదు. అక్కడ రెండో స్థానం అంటే తక్కువ అభిమానం కాదు, చాలాసార్లు పగ. ముందు బేస్‌బాల్‌లో ఎవరి పక్షమో ఒక ప్రశ్నగా అడిగి, ఎంచుకున్న జట్టును మాత్రమే బేర్స్ (ఫుట్‌బాల్), బుల్స్ (బాస్కెట్‌బాల్), బ్లాక్‌హాక్స్ (హాకీ)తో కలిపి వరుసలో పెట్టండి. న్యూయార్క్‌లోనూ ఇదే పద్ధతి. అక్కడి రెండు ఫుట్‌బాల్ జట్లు, జెయింట్స్, జెట్స్, ఆడేది న్యూజెర్సీలోని ఒకే స్టేడియంలో. మైదానాన్ని బట్టి అభిమానాన్ని లెక్కించారో, రెండూ కలిసిపోతాయి.