వెతకని తీగ కాలికి తగిలింది

పోయిన సంచికలో ఒక్క మాట అడిగాను: బ్యాంకాక్ పోయి వచ్చినవాళ్లు, ప్యాకేజీ కాగితంలో లేనిది ఏం దొరికిందో రాయండి అని. హైదరాబాద్ నుంచి మూడున్నర గంటల్లో దిగిపోయే ఊరు కాబట్టి ఇప్పుడు మన దగ్గర ప్రతి వాడకట్టులో ఒకరిద్దరు చూసొచ్చినవాళ్లు ఉన్నారు, వాళ్లందరూ ఒకేసారి పెన్ను పట్టినట్టున్నారు. చాలా ఉత్తరాల్లో మసాజు, షాపింగు ముచ్చట్లే. అవి పక్కన పెట్టి, నాకు నచ్చిన ఐదింటికి జవాబిస్తున్నా.

ప్రశ్న: గ్రాండ్ ప్యాలెస్‌లో గైడు మరకత బుద్ధుణ్ణి చూపించి, టైం లేదని అందరినీ బయటికి తోలాడు. మా అత్తమ్మ మాత్రం వరండా గోడ దగ్గర ఆగిపోయింది. అక్కడి బొమ్మల్లో హనుమంతుడు చేపతోక ఉన్న అమ్మాయిని పట్టుకొని ఉన్నాడట. ‘ఆంజనేయుడికి ఇదేం అపవాదు’ అని ఇంటికొచ్చినా కోపం తగ్గలేదు. అది నిజంగా హనుమంతుడేనా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: హనుమంతుడేనమ్మా. హనుమంతుడి పేరున్న ఊరి నుంచి పోయి ఆ బొమ్మ ముందే ఆగారంటే మీ అత్తమ్మ కన్ను గొప్పది, గైడుది కాదు. ఆ వరండా పొడుగునా 178 చిత్రాల్లో థాయిల రామాయణం గీసి ఉంటుంది, దాన్ని వాళ్లు రామకియన్ అంటారు, అంటే రామకీర్తి. అందులో రావణుడి పేరు తోత్సకన్. రెండుసార్లు పైకి అనుకుంటే మీకే తెలుస్తుంది, దశకంఠుడు. వారధి కడుతుంటే తోత్సకన్ తన కూతురు సువన్నమచ్ఛాను, అంటే సువర్ణమత్స్యను పంపిస్తాడు, ఆమె చేపల దండుతో వచ్చి వేసిన రాయి వేసినట్టే ఎత్తుకుపోతుంటుంది. ఈ రాళ్లన్నీ ఎటు పోతున్నాయని హనుమంతుడు నీళ్లలోకి దూకుతాడు, ఆమెను పట్టుకుంటాడు, ఆ పట్టుకోవడం ప్రేమ దాకా పోతుంది. ఆ కథలో ఆయన బ్రహ్మచారి కాడు. తెల్లగా ఉంటాడు, చిలిపివాడు.

అత్తమ్మగారు ఇక్కడిదాకా విని లేచిపోకుండా చూడండి, అసలు ముచ్చట ఇప్పుడే. వాళ్లకు పుట్టిన కొడుకు మచ్ఛాను, పైన కోతి, వెనక చేపతోక. రాముణ్ణి నిద్రలో ఎత్తుకొని పాతాళానికి పోయే రాక్షసుడి వాకిట్లో కాపలా ఉంటాడు, లోపలికి వచ్చిన హనుమంతుడితోనే కలబడతాడు. ఆ రాక్షసుడి పేరు మయ్యరాప్. మైరావణుడు! ఈ కథ వాల్మీకిలో లేదు, మనకు తెలిసింది కథలు చెప్పేవాళ్ల నోటనే, వాళ్లు ఆ పిల్లవాణ్ణి మత్స్యవల్లభుడు అంటారు. మనవాళ్లు మాత్రం ఆంజనేయుడి చెమట చుక్కను చేప మింగిందని చెప్పి ఆయన బ్రహ్మచర్యం కాపాడారు, థాయిలకు ఆ అవసరం కనిపించలేదు. మైరావణుడి కథ చిన్నప్పుడు విన్నారా అని అత్తమ్మగారిని అడగండి, విని ఉంటే సగం కోపం పోతుంది.

ఆ ఊళ్లో కళ్లకంటే చెవులకే ఎక్కువ దొరుకుతుందని నాకు మెట్రో స్టేషన్‌లో తెలిసింది. బోర్డు మీద రాచ్చథేవి అని ఉంది, పక్కనున్న కుర్రాణ్ణి మెల్లగా పలకమంటే ‘రాచ్-చ-థే-వి’ అన్నాడు. రాజదేవి. ఆ రోజంతా అదే పిచ్చి. రాచ్చవితి అనే రోడ్డు రాజవీథి, నది అవతలి థొన్‌బురి ధనపురి. బ్యాంకాక్ అసలు పేరే ఒక పెద్ద దండకం, అందులో మహానగరం, రత్నం, మహేంద్ర, అయోధ్య, నవరత్న, రాజధాని అన్నీ వినిపిస్తాయి, చివర్లో విశ్వకర్మ కూడా వస్తాడు. ఇక విమానం ఎక్కేచోట సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో వాసుకిని పట్టుకొని దేవతలూ రాక్షసులూ పాలసముద్రం చిలుకుతున్న పెద్ద శిల్పం ఉంది. మనవాళ్లు దాని ముందు నిలబడి సామాన్ల బరువు గురించి కొట్లాడుకుంటుంటారు.

ప్రశ్న: మాది జమ్మికుంట. పొద్దున వాకింగ్‌కని పార్కుకు పోతే ఎనిమిదింటికి మైకులో పాట మొదలైంది, ఉరుకుతున్నవాళ్లు ఉరుకుతున్నట్టే ఆగిపోయారు. ఒక్క నిమిషం నేను మా ఊళ్లోనే ఉన్నాననుకున్నా! – ఒక కిరాణా వ్యాపారి, జమ్మికుంట

జవాబు: ఈ ఉత్తరం చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నా. తెలియనివాళ్ల కోసం: జమ్మికుంటలో 2017 ఆగస్టు 15 నుంచి పోలీసులు రోజూ పొద్దున మైకుల్లో జనగణమన వేయడం మొదలుపెట్టారు, బండి మీద పోయేవాళ్లు కూడా ఎక్కడివాళ్లక్కడ ఆగేవాళ్లు. థాయిలాండ్‌లో ఇది దేశమంతా ఉన్న పద్ధతి, పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఆరింటికి జాతీయగీతం వస్తుంది. రైల్వే స్టేషన్లు, పార్కుల్లో బాగా కనిపిస్తుంది. మనమూ నిలబడాలి, ఆ కాసేపు వీడియో తీయకపోతే ఏం కాదు. నాకు గుర్తున్నది సాయంత్రం ఆరుది. నూడుల్స్ గిన్నె చేతిలో పట్టుకున్న ఒక పెద్దాయన గిన్నెను ఒంచకుండా, మింగకుండా, బుగ్గ ఉబ్బించుకొని పాట అయ్యేదాకా అట్లనే నిలబడ్డాడు. సినిమా హాల్లో వచ్చేది వేరు, అది రాజుగారి గీతం, దానికీ లేచి నిలబడాలి. మీరు జమ్మికుంటవాళ్లు, మీకు ప్రాక్టీసు ఉంది.

ప్రశ్న: మాది తరతరాలుగా వెండి పని చేసే ఇల్లు. బంగారు బుద్ధుడు 5.5 టన్నులు అంటారు, పూత కాదా? ఇన్నేళ్లు ఎవరికీ తెలియలేదంటే నమ్మబుద్ధి కావడం లేదు. – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పూత కాదు, పోత పోసిందే. అయితే అంతా ఒకే మేలిమి కాదు, ఒంటికి ఒక రకం, ముఖానికి ఒక రకం, పైనున్న శిఖకు అన్నిటికంటే మేలిమిది. మీలాంటివాళ్లు తేరిపార చూస్తే రంగులో తేడా పట్టేస్తారేమో.

నేను ఆ విగ్రహం ఉన్న గుడికి పోవాలనుకొని పోలేదు. ప్యాలెస్ దగ్గర మంచి చొక్కా వేసుకున్న ఒకాయన ఎదురొచ్చి, ‘ఇవాళ ప్యాలెస్ బంద్, పూజ ఉంది’ అని చెప్పి, ఎంతో మర్యాదగా ఒక టుక్‌టుక్ ఎక్కించాడు. అది నన్ను తీసుకుపోయి రత్నాల దుకాణం ముందు దించింది. ఆ మాట వినగానే నమ్మడం నా తెలివితక్కువతనం, అక్కడ పాత ఎత్తుగడ ఇది, మీరు మాత్రం టికెట్ కౌంటర్ దాకా పోయి చూసుకోండి. దుకాణంలోంచి ఎట్లాగో బయటపడి, చైనా టౌన్ సందుల్లో దారి తప్పి, కాళ్లు పీకుతుంటే నీడ కోసం ఒక గుడిలోకి పోయాను. అదే వాట్ త్రైమిత్.

ఆ విగ్రహానికి అక్కడ సరైన మందిరం లేక ఇరవై ఏళ్లు రేకుల కప్పు కింద ఉంచారు. చూసినవాళ్లందరికీ అది గచ్చు బొమ్మే, పైన రంగు అద్దం ముక్కలు. 1955లో కొత్త మందిరంలోకి ఎత్తుతుంటే మోకులు తెగి కింద పడింది, గచ్చు పెళ్లలు లేచాయి, లోపల పచ్చగా మెరిసింది. తర్వాత చూస్తే అది తొమ్మిది ముక్కలుగా విడదీసి మోయగలిగేటట్టు చేసిన విగ్రహం. 1767లో బర్మా సైన్యం అప్పటి రాజధాని అయుత్తయను కొల్లగొట్టకముందే ఎవరో దాచడానికి గచ్చు పూసి ఉంటారని వాళ్లు నమ్ముతారు. 1310లో మాలిక్ కాఫర్ ఓరుగల్లు నుంచి ఏమేం మోసుకుపోయాడో చదివిన మనకు ఆ పూసినవాళ్ల భయం అర్థం కాదా? తెలిసినవాళ్లు ఎవరికీ చెప్పకుండానే పోయారు, ఎంత గట్టి నోరో. విగ్రహం పక్కన ఆ పాత గచ్చు పెళ్లలు చూపిస్తారు, నేను వాటి దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను.

ప్రశ్న: మేము శాకాహారులం. నాలుగు రోజులు బిస్కెట్ల మీదే బతకాలా? – ఒక టీచరు, జగిత్యాల

జవాబు: అక్కర్లేదు. పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరాలతో చిన్న జెండా ఉన్న బండి వెతకండి, అది ‘జే’ తిండి. మాంసం, గుడ్డు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మిగతాచోట్ల ఉత్త కూరగాయల్లోనూ నామ్‌ప్లా, అంటే చేపలను పులియబెట్టి తీసిన నీళ్లు పోస్తారు, ‘మై సై నామ్‌ప్లా’ (అది వేయొద్దు) అని ముందే చెప్పాలి. ఈ జే తిండికి ఏటా తొమ్మిది రోజుల పండుగ ఉంది, కొన్నేళ్లు సరిగ్గా మన బతుకమ్మ రోజుల్లోనే పడుతుంది, 2023లో, 2024లో అట్లనే పడింది. అప్పుడు పోతే పాక్ ఖ్లోంగ్ పూలమార్కెట్‌కు రాత్రిపూట పొండి, బంతిపూల గుట్టలు చూసి మా చెల్లె బేరం కూడా మొదలుపెట్టింది, తెలుగులో. జామకాయ ముక్కలకు ఉప్పుకారం పొట్లం ఇస్తారు, అందులో కాస్త చక్కెర కూడా కలుపుతారు. జామకాయను ఫరంగ్ అంటారు, తెల్లదొరనూ ఫరంగ్ అనే అంటారు. మన దగ్గర కొన్ని జిల్లాల్లో బొప్పాయిని పరంగికాయ అంటారు కదా.

ప్రశ్న: లుంఫినీ పార్కు చెరువులో మొసలి చూశామని మా అన్న చెప్తే ఎవరూ నమ్మడం లేదు. – ఒక విద్యార్థిని, మెట్‌పల్లి

జవాబు: మొసలి కాదు, నీటి ఉడుము. ఆరడుగుల దాకా ఉంటుంది, మీ అన్న భయపడటంలో తప్పులేదు. బుద్ధుడు పుట్టిన లుంబిని పేరు పెట్టుకున్న ఆ పార్కులో అవి గడ్డి మీద ఎండ కాగుతూ ఉంటాయి, జనం పక్కనుంచే పరుగెడుతుంటారు. వాటి అసలు పేరు అక్కడ పెద్ద తిట్టు, నలుగురిలో అనకూడదు. అందుకని ‘వెండీ బంగారం’ అని అర్థం వచ్చే మాటతో పిలుస్తారు, మన ఊళ్లలో రాత్రిపూట పామును పురుగు అన్నట్టు. ఫోటో ఉంటే పంపమను, అన్న మాట నిజమని వచ్చే నెల అచ్చేద్దాం.