‘కాబట్టి’ దగ్గర కాస్త ఆగు: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

వందనాలు. నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, ఒకసారి నీ అన్నగా, రెండోసారి ముక్కూ మొహం తెలియని పాఠకుడిగా. మొదటిసారి ముచ్చటేసింది. రెండోసారి నాలుగో పేజీకి వచ్చేసరికి కళ్లు మూతలు పడ్డాయి. కోపం తెచ్చుకోకు. బైబిల్లో రోమా పత్రిక, అంటే రోమాలోని క్రైస్తవులకి పౌలు రాసిన లేఖ, దాని అయిదో అధ్యాయం మీద రాసేవాళ్లందరికీ ఈ జబ్బు ఒకసారి వచ్చిపోతుంది. నాకైతే చాలా ఏళ్లు వదల్లేదు.

శ్రమ, ఓర్పు, పరీక్ష, నిరీక్షణ అని పౌలు వరసగా చెప్పిన నాలుగు మాటలనీ నాలుగు మెట్లు చేసి, మెట్టుకో పేజీ ఇచ్చి, చివరికి మేడెక్కేసినట్టు చూపించడమే ఆ జబ్బు. నువ్వు ఏకంగా మూడో వచనం దగ్గర మొదలుపెట్టావు. పౌలు అక్కడ మొదలుపెట్టలేదు. “కాబట్టి విశ్వాసమూలమున మనము నీతిమంతులముగా తీర్చబడి” అని ఎత్తుకున్నాడు. ముందు తీర్పు అయిపోయింది, ఆ తర్వాతే శ్రమల ఊసు వచ్చింది. ఈ వరస తారుమారైతే శ్రమే తీర్పులా కనిపిస్తుంది. దెబ్బ తగిలినవాడి నోట మొదట వచ్చే మాట అదే కదా, నేనేం పాపం చేశానని. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులూ అదే అడిగారు, పాపం వీడిదా, వీణ్ణి కన్నవాళ్లదా అని. ఇద్దరిదీ కాదన్నాడు యేసు. పౌలు ఆ ప్రశ్న పుట్టకముందే దాని సంగతి తేల్చి పెట్టాడు. నీ గురించి దేవుడు చెప్పాల్సిన తీర్పు క్రీస్తులో చెప్పేశాడు, రేపు నీకొచ్చే జ్వరం ఆ తీర్పుకి సవరణేమీ కాదు. నీ వ్యాసంలో ఇది ఎక్కడా లేదు. ఇది లేకపోతే మిగతాదంతా ధైర్యవచనాల మూట.

‘తీర్చబడి’ అన్న మాటని కొంచెం దగ్గరగా పట్టుకుని చూడు. గ్రీకులో అది న్యాయస్థానంలో వాడే మాట, నిర్దోషి అని ప్రకటించడం. మన అనువాదకులు ‘తీర్చు’ అన్నారు. అందులో తీర్పూ ఉంది, తీర్చిదిద్దడమూ ఉంది. పడమటి సంఘం సరిగ్గా ఈ రెండింటి మధ్యే చీలింది. నీతిమంతుడని దేవుడు ప్రకటించడమే అది అని సంస్కర్త లూథర్ వైపువాళ్లు, మనిషిని లోపల నూతనపరచడం కూడా అందులో భాగమేనని 1547లో కతోలిక సంఘపు ట్రెంట్ సభ. ఇరుపక్షాలూ కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేసింది 1999 అక్టోబరు 31న, ఆగ్స్‌బర్గ్‌లో. అప్పటికీ తేడాలన్నీ పోలేదనుకో. ఈ చరిత్రంతా నీ వ్యాసంలో కుక్కమనడం లేదు. నాలుగున్నర శతాబ్దాలు మనుషులు కొట్టుకున్న మాట మీదినుంచి నువ్వు అర వాక్యంలో దూకేశావని గుర్తుచేస్తున్నాను.

పైగా ఆ ‘బడి’ ఒకటుంది. ‘బడు’ ప్రయోగం తెలుగుకి అతకదు, కనిపించిందల్లా కొట్టెయ్ అని నేనే నీకు నూరిపోశాను. నువ్వు బుద్ధిగా దాన్ని కొట్టేసి “విశ్వాసంతో నీతిమంతులమయ్యాం” అని రాశావు. వాక్యం నున్నగా ఉంది, అర్థం జారిపోయింది. ఇక్కడ పని చేసినవాడు వేరు, మనం చేయించుకున్నవాళ్లం. ఈ ఒక్కచోటా ‘బడి’ని బతకనివ్వు.

దీనికి తోడు ‘గట్టిగా నమ్మితే’ అని ఆరుచోట్ల రాశావు. లెక్కపెట్టాను. ఆరూ తీసెయ్. గట్టిదనం మీద బరువు పెట్టావంటే విశ్వాసం కూడా మనం చేసి చూపించాల్సిన ఇంకో పనైపోతుంది. నాలుగో అధ్యాయంలో పౌలు యూదుల మూలపురుషుడు అబ్రాహామును సాక్షిగా ఎందుకు పిలిచాడో చూడు. అతణ్ణి నీతిమంతుడిగా ఎంచింది ఆదికాండం 15లో, సున్నతి మాట వచ్చింది 17లో. సున్నతికి ముందే, నమ్మినందుకే ఎంచాడని, ఆ రెండు అధ్యాయాల ఎడం మీదే పౌలు తన వాదాన్ని నిలబెట్టాడు. యాకోబు పత్రిక సంగతేమిటని ఎవరో ఒకరు అడుగుతారు, అడగనీ. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు అన్నది పెదవుల మీది విశ్వాసం గురించి. దాన్ని వేరే వ్యాసంలో తేల్చుకుందువుగాని.

ఇంకో చిక్కు మన భాషది. మందిరంలో పెరిగిన చెవికి ఒకలా వినిపించే తెలుగు, బయటివాళ్లకి మరోలా వినిపిస్తుంది. “శ్రమలయందును అతిశయపడుదము” అంటే, ఒళ్లొంచి పనిచేసి గొప్పలు చెప్పుకుందామని వాళ్లకి. గ్రీకు మాటలో ఉన్నది నలిపేసే ఒత్తిడి. అలాగే సమాధానం. నీకది శాంతి, వాళ్లకది జవాబు. “దేవుడు సమాధానమిచ్చాడు” అని నువ్వు రాసినచోట పాఠకుడు ఆ జవాబేమిటా అని తర్వాతి వాక్యంలో వెతుక్కుంటాడు. పాపం, అన్నీ పోగొట్టుకున్న యోబూ అలాగే వెతుక్కున్నాడు. యోబు గ్రంథం 38వ అధ్యాయంలో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడాడు గానీ, ఎందుకన్నదానికి ఒక్క ముక్కా చెప్పలేదు. నిరీక్షణ ఒక్కటే మనకి కలిసొచ్చిన మాట. బయట దానికి ఎదురుచూపు అనే అర్థం. ‘ఆశ’ కన్నా అదే నయమనిపిస్తుంది నాకు. ఆశ ఎవరైనా, దేనిమీదైనా పెట్టుకోవచ్చు. ఎదురుచూడాలంటే వస్తానన్నవాడు ఒకడుండాలి.

ఇక ‘పరీక్ష’. దీని గురించి చెప్పాలంటే నా తప్పొకటి ఒప్పుకోవాలి. నాకు తెలిసిన ఒకావిడ కొడుకు పోయాడు, పదకొండేళ్ల పిల్లాడు. అప్పటికే రాయడంలో చెయ్యి తిరిగిందనుకునే రోజులు. పరామర్శ ఉత్తరంలో ఈ వచనాలన్నీ అందంగా పేర్చి పంపాను. నెల తిరిగాక ఆ ఉత్తరమే నా దగ్గరికి తిరిగొచ్చింది. ‘పరీక్ష’ అన్న మాట కింద పెన్సిలు గీత, పక్కన రెండు మాటలు: “ఎవరు పెట్టారు?” పెన్సిలు ఎంత గట్టిగా నొక్కిందో, కాగితం తిప్పితే వెనకవైపు ఆ అక్షరాలు ఉబ్బి ఉన్నాయి. వేలితో తడిమితే తెలిసేంత.

ఆ పూట వెళ్లి గ్రీకు మాట చూశాను. ముందే చూడాల్సింది. దొకిమే. పరీక్ష పెట్టడం గురించి కాదు ఆ మాట, పరీక్షకి నిలిచి ఖరా అని తేలడం గురించి. మనకి ‘నిగ్గు తేలడం’ అని చక్కటి మాట ఉండనే ఉంది. అయితే నిగ్గు తేలిందో లేదో చెప్పాల్సింది ఆ మంటలో ఉన్న మనిషి. బయట నిలబడ్డ నాకు ఆ హక్కు లేదు. ఈ వివరణ ఆవిడకి రాయలేదు. వెళ్లి కాసేపు కూర్చుని వచ్చాను, వెళ్లాల్సినదానికన్నా ఆలస్యంగా.

ఈ మాటలు రాయడానికి పౌలుకి హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడు. రోమాకి రాసే ముందు కొరింథీయులకి రాసిన రెండో పత్రికలో తన లెక్క తానే ఇచ్చాడు: ఒకటి తక్కువ నలభై కొరడా దెబ్బలు అయిదుసార్లు, బెత్తపు దెబ్బలు మూడుసార్లు, రాళ్లతో ఒకసారి, ఓడ పగలడం మూడుసార్లు, ఒక రాత్రీ ఒక పగలూ సముద్రంలో. ‘ఓర్పు’ అని పలికినప్పుడు ఆ వీపు మీది మచ్చలు చొక్కా కిందే ఉన్నాయి. పలికినప్పుడు అంటున్నాను, ఎందుకంటే చేత్తో రాసినవాడు తెర్తియు. పదహారో అధ్యాయంలో సందు చూసుకుని తనూ వందనం చెప్పుకున్నాడు. రాతగాళ్లం కదా, నాకు అతనంటే ఇష్టం.

ఓర్పుకి నువ్విచ్చింది నాలుగు వాక్యాలు. గ్రీకులో ఆ మాటకి బరువు కింద నిలిచి ఉండడం అనే ధ్వని ఉంది. నీ వ్యాసంలో ఎవరూ నిలిచి ఉండరు, శ్రమ రాగానే స్తోత్రం చెప్పి నిరీక్షణలోకి వెళ్లిపోతారు. బైబిలు అంత తొందరపడదు. 88వ కీర్తన చీకట్లో మొదలై చీకట్లోనే ముగుస్తుంది, దానికి తోకగా ఎవరూ ఒక ఓదార్పు వచనం కుట్టలేదు. ఇదే రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో సృష్టి మూలుగుతుంది, మనం మూలుగుతాం, చివరికి ఆత్మ కూడా మాటకందని మూలుగులతో విజ్ఞాపన చేస్తుంది. మూలుగుని మూలుగులాగే రాయొచ్చు.

అది నీకు చేతకాదనడానికి లేదు. మూడో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది: “రాత్రి రెండింటికి అమ్మ మంచం దగ్గర నాన్న గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడుకి మెలకువొచ్చింది.” రెండోసారి చదివినప్పుడు నా నిద్ర ఎగిరిపోయింది అక్కడే. ఆ తర్వాతి వాక్యంలోనే “అయినా ప్రభువును స్తుతించాం” అని తలుపు మూసేశావు. స్తుతించారేమో, కాదనను. ఆ రాత్రే స్తుతించారా? తెల్లారాకా? నాన్నగారు కూడానా?

ఆ గదిలోకి మళ్లీ వెళ్లి అక్కణ్ణుంచి రాయి. అన్నట్టు, గ్లాసులో ఏముందో నువ్వు చెప్పలేదు. మందా, ఉత్త నీళ్లా?

నీ అన్నయ్య