బొమ్మలు వేసే పిల్లలు, చదవాల్సిన కోర్సులు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అక్కా, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేస్తాను, మా తాతగారి మండువా ఇల్లు ఎన్నిసార్లు వేశానో లెక్కే లేదు. నాన్నగారు కంప్యూటర్ సైన్స్‌లో చేరమంటున్నారు. మా లెక్చరర్ ఫైన్ ఆర్ట్స్ అంటున్నారు, పెద్దమ్మగారి అమ్మాయి ఆర్కిటెక్చర్ అంటోంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు నువ్వు వేసిన ఆ ఇంటి బొమ్మలన్నీ తీసి పక్కపక్కన పెట్టుకుని చూడమ్మా. మండువాలో పడే ఎండ, వసారాలో పడక్కుర్చీలో కూర్చున్న తాతగారు, తడిసిన పెంకుల రంగు, వీటి మీదే నీ చెయ్యి ఎక్కువసేపు ఆగిందా? అయితే నీ మనసు ఫైన్ ఆర్ట్స్ వైపు ఉంది. అలాకాకుండా నాలుగు వైపుల నుంచి కప్పు మీద జారిన వాన ఎటు పోతోంది, దూలం స్తంభం మీద ఎలా కూర్చుంది, అరుగు ఎందుకంత ఎత్తు కట్టారు (వరదొచ్చే ఊళ్ళో ఆ ఎత్తుకి ఉన్న విలువ నీకు నేను చెప్పక్కర్లేదు) అని ఆలోచిస్తూ వేశావా? అయితే ఆర్కిటెక్చర్. రెండూ కనిపిస్తే కంగారు పడకు, చాలామందికి అలాగే కనిపిస్తాయి, అప్పుడు లెక్కలంటే నీకున్న ఇష్టాన్ని బట్టి తేల్చుకోవచ్చు.

ఆర్కిటెక్చర్ అంటే బీఆర్క్, అయిదేళ్ళు. ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ ఉండి తీరాలి, నీకు ఉన్నాయి. దారులు రెండు. ఒకటి నాటా, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ పెట్టే పరీక్ష, 200 మార్కుల్లో 80 డ్రాయింగ్‌కే. రెండోది జేఈఈ మెయిన్‌లో పేపర్ 2ఏ, లెక్కలు, ఆప్టిట్యూడ్, డ్రాయింగ్ కలిపి 400 మార్కులు. మన విజయవాడలోనే 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ, అక్కడ సీటు కావాలంటే ఈ పేపర్ 2ఏ రాయాలి. ఈ రెండు పరీక్షలూ రాయమనే నేను అంటాను.

ఒక్క విషయం మాత్రం అప్లికేషన్ పెట్టకముందే చూసుకో. కాలేజీ పేరు ఎంత పెద్దదైనా, యూనివర్సిటీ బోర్డు ఉన్నా సరే, నువ్వు చేరే సంవత్సరానికి దానికి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఆమోదం ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో నువ్వే స్వయంగా వెతుక్కో. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్‌లో రిజిస్టర్ కానివాళ్ళు ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన రాసుకోకూడదు. ఆమోదం లేనిచోట చదివితే ఆ రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతావు. అయిదేళ్ళ చదువు అలా చేతిలో ఇరుక్కుపోయిన పిల్లల బాధ నేను దగ్గరగా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఫైన్ ఆర్ట్స్ అంటే బీఎఫ్ఏ, నాలుగేళ్ళు, ఏ గ్రూపు వాళ్ళయినా చేరొచ్చు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో పెయింటింగ్, శిల్పం, అప్లయిడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ ఉన్నాయి. మన వైపు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో కూడా ఫైన్ ఆర్ట్స్ ఉంది.

ఇక నాన్నగారి మాట. ఆయన భయం నీ బొమ్మల గురించి కాదు, నీ జీతం గురించి. కాబట్టి ఇంట్లో వాదన పెట్టుకోకు. బీఆర్క్ కూడా ఇంజినీరింగ్ లాగే వృత్తి డిగ్రీ అని, చదువులోనే ఒక సెమిస్టర్ ఆఫీసులో పనిచేయాలని చెప్పు. వీలైతే కాకినాడలోనో రాజమండ్రిలోనో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసుకి ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్ళు. అక్కడ ఒక గంట కూర్చుని పని చూస్తే ఆయన అడగాల్సినవి ఆయనే అడుగుతారు.

ప్రశ్న: బీఏ హిస్టరీ పూర్తయింది. రాజమహేంద్రవరంలో ఉంటాను. మ్యూజియంలో పనిచేయాలని ఉంది. అందరూ గ్రూప్స్‌కి ప్రిపేర్ అవమంటున్నారు. దీనికి అసలు చదువంటూ ఉందా?

జవాబు: ఉందండి, ఇవాళ్టిది కూడా కాదు. బరోడాలో ఎమ్మెస్ యూనివర్సిటీ 1952లోనే మ్యూజియాలజీ, అంటే మ్యూజియం నిర్వహణ నేర్పే శాఖ మొదలుపెట్టింది. రెండేళ్ళ ఎంఏ. ఢిల్లీ నేషనల్ మ్యూజియంకి అనుబంధంగా ఉండే సంస్థ ఇప్పుడు నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌గా నడుస్తోంది, అక్కడ మ్యూజియాలజీ, కళా చరిత్ర, కన్జర్వేషన్ (పాత వస్తువులు పాడవకుండా కాపాడే పని) మూడూ ఉన్నాయి. పురావస్తు తవ్వకాల మీద ఇష్టముంటే గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ వాళ్ళ సొంత సంస్థలో రెండేళ్ళ పీజీ డిప్లొమా ఉంది, అది ఎంఏ తర్వాత. విదేశాల సంగతికొస్తే ఇంగ్లండ్‌లో లెస్టర్ యూనివర్సిటీ 1966 నుంచి మ్యూజియం స్టడీస్ నేర్పుతోంది, కానీ అప్పు చేసి వెళ్ళే ముందు ఇక్కడ ఏడాదైనా పని చేసి చూడండి.

పని అని ఎందుకన్నానంటే, మ్యూజియం అంటే అద్దాల వెనక వస్తువులు, పక్కన పేరు రాసిన చీటీ, అంతే అనుకుంటాం. మీ ఊళ్ళోనే గోదావరి గట్టు దగ్గర చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది కదా, ఈ వారం ఒకసారి వెళ్ళండి. 1897లో పుట్టి, బొంబాయి జేజే స్కూల్లో చదువుకుని, 1925లో 28 ఏళ్ళు నిండకుండానే పోయారాయన. నీటిరంగుల్లో, నూనెరంగుల్లో ఆయన వేసిన బొమ్మలకి నూరేళ్ళు దాటాయి. బొమ్మ ముందు నిలబడినప్పుడు బొమ్మ ఒక్కటే చూసి వచ్చేయకండి. మన డెల్టా గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు, ఇంట్లో పుస్తకాలకే బూజు పడుతుంది. మరి ఈ కాగితాన్ని ఎవరు కాపాడాలి, వెలుగు ఎంత పడాలి, అద్దానికీ బొమ్మకీ మధ్య ఖాళీ ఎంత ఉండాలి, వరద హెచ్చరిక వస్తే ముందు ఏది తీయాలి? ఇవన్నీ మ్యూజియాలజీ, కన్జర్వేషన్ చదువులో పాఠాలే. కెమిస్ట్రీ చదివినవాళ్ళు ఈ రంగంలోకి వచ్చేది ఇందుకే. ఈ ప్రశ్నలు మీకు నిద్ర పట్టనివ్వకపోతే ఈ చదువు మీదే. శాసనాలూ విగ్రహాలూ ఇంకా ఎక్కువ లాగుతున్నాయంటే రాజమండ్రిలో రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం, బిక్కవోలు గుళ్ళు, ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టించిన కాటన్ దొర మ్యూజియం, అన్నీ బస్సు దూరంలోనే ఉన్నాయి. చూసినదాని గురించి రెండేసి పేజీలు తెలుగులో రాసి పెట్టుకోండి, ఇంటర్వ్యూలో పనికొస్తాయి.

ఉద్యోగాలు తక్కువే, నిజం చెప్పాలి కదా. నోటిఫికేషన్లు ఆలస్యంగా వస్తాయి. గ్రూప్స్ రాయడం మానేయమని నేను చెప్పను, హిస్టరీ రెండింటికీ పనికొస్తుంది.

ప్రశ్న: అండి, మాది భీమవరం, రొయ్యల చెరువులు చేస్తాం. మావాడు గేమ్ డిజైన్ అంటున్నాడు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు నూటికి నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ అని లక్షల్లో ఫీజు అడుగుతున్నారు. కట్టేయమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. రెండు ప్రశ్నలు అడగండి: చివర్లో ఇచ్చేది డిగ్రీయా, సర్టిఫికెట్టా? డిగ్రీ అయితే ఏ యూనివర్సిటీ ఇస్తుంది? ఆ పేరు యూజీసీ జాబితాలో మీరే చూసుకోండి. ఉద్యోగం గ్యారంటీ అన్నమాట కాగితం మీద రాసిమ్మనండి. పాత విద్యార్థుల ఫోన్ నంబర్లు నలుగురివి తీసుకుని మాట్లాడండి, వాళ్ళు ఎంచి ఇచ్చినవాళ్ళతో కాకుండా.

మంచి దారులు వేరే ఉన్నాయి. బీడిజైన్ నాలుగేళ్ళు, ఏ గ్రూపు వాళ్ళకైనా సరే. ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్లకి యూసీడ్ పరీక్ష, వరుసగా రెండేళ్ళు మాత్రమే రాయనిస్తారు. మన రాష్ట్రంలో ఎన్ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వేరే పరీక్ష. ఇందాక చెప్పిన మాసబ్ ట్యాంక్ యూనివర్సిటీలో యానిమేషన్ ఉండనే ఉంది. ఈలోగా అబ్బాయిని బ్లెండర్ నేర్చుకోమనండి, త్రీడీ సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఉచితం. పరాయి ఊళ్ళ కోటలూ డ్రాగన్లూ కాకుండా నర్సాపురం రేవులో సఖినేటిపల్లి వెళ్ళే పంటుని (మనుషుల్నీ బైకుల్నీ గోదావరి దాటించే పడవ) తయారు చేయమనండి, బైకులు ఎక్కేటప్పుడు అది ఎలా ఊగుతుందో, నీళ్ళు ఎలా కదులుతాయో అన్నీ చూసి చేయాలి. ఆరు నెలలు కూర్చుని ఆ పంటు పూర్తి చేశాడంటే అప్పుడు ఫీజు గురించి మాట్లాడుకుందాం. మధ్యలో వదిలేశాడంటే మీ లక్షలు మిగిలినట్టే, వాడిని మాత్రం ఏమీ అనకండి.

ప్రశ్న: అక్కా, నర్సాపురం. అమ్మ లేసు అల్లుతుంది. నేను ఇంటర్ చదువుతున్నా. డిజైన్ చదవాలంటే మాలాంటి వాళ్ళకి కుదురుతుందా?

జవాబు: తప్పకుండా తల్లీ. మీ లేసుకి 2024లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఫ్యాషన్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ నిఫ్ట్‌లో చేతివృత్తుల వాళ్ళకి, వాళ్ళ పిల్లలకి విడిగా ఒక కేటగిరీ ఉంది. దానికి అమ్మ పేరు మీద హస్తకళల శాఖ ఇచ్చే పెహచాన్ కార్డు, అంటే చేతివృత్తి గుర్తింపు కార్డు కావాలి. ఇంట్లో ఉందేమో ఇవాళే వెతుకు. లేకపోతే ముందు దానికి అప్లై చేయించు, తర్వాత అమ్మ అల్లికల్లో బాగున్నవి పది తీసి, పగటి వెలుగులో ఫొటోలు తీసి, ఒక్కోదాని కింద ఎన్ని రోజులు పట్టిందో రాసి పెట్టు.