సీజన్ టికెట్ దొరకనంత మాత్రాన పరిహారం పోదు

ప్రశ్న: మాది హిందూపురం. మా తమ్ముడు సీజన్ టికెట్ తీసుకుని రోజూ బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్లొచ్చేవాడు. ఏడు నెలల కిందట దొడ్డబళ్లాపురం దగ్గర కిక్కిరిసిన రైల్లోంచి జారిపడి చనిపోయాడు. ఒంటిమీద టికెట్ లేదని, తలుపు దగ్గర నిలబడటం అతని తప్పేనని, కేసు నిలవదని అంటున్నారు. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు, అతని సంపాదన మీదే బతికిన అమ్మానాన్న ఉన్నారు. నేను కేసు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, ఉమ్మడి అనంతపురం జిల్లా

జవాబు: కేసు నిలుస్తుంది, కానీ మీ పేరుతో కాదు. రైల్వే చట్టంలోని ఆశ్రితుల జాబితాలో మేజరైన అన్న లేడు. మీ మరదలు, పిల్లలు, తల్లిదండ్రులు దరఖాస్తుదారులుగా ఉండాలి. మైనర్ల తరఫున తల్లి సంతకం చేస్తారు. రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో ఏడాదిలోపు వేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే వీలున్నా, ఐదు నెలలు చేతిలో ఉండగా ఆ పరిస్థితి తెచ్చుకోకండి.

సెక్షన్ 124ఏ కింద రైల్వే తప్పు రుజువు చేయాల్సిన పని లేదు. ఆత్మహత్య, కావాలని చేసుకున్న గాయం, సొంత నేరచర్య, మత్తు, మతిస్థిమితం లేకపోవడం, జబ్బు వల్ల మరణం – ఇవే మినహాయింపులు. తలుపు దగ్గర అజాగ్రత్తగా నిలబడటం నేరచర్య కిందికి రాదని సుప్రీంకోర్టు 2010లో జమీలా కేసులో చెప్పింది. మరణానికి పరిహారం 8 లక్షల రూపాయలు.

టికెట్ లేనంత మాత్రాన ప్రయాణికుడు కాదనలేమని 2018లో రీనా దేవి తీర్పు తేల్చింది. అయితే సంబంధిత వాస్తవాలతో అఫిడవిట్ వేసి తొలి భారం మీవాళ్లే మోయాలి. అందుకే ఆధారాలు ఇప్పుడే కూడగట్టండి. సీజన్ టికెట్ ఫోన్‌లో తీసుకుని ఉంటే అతని సిమ్ రద్దు కాకుండా రీఛార్జ్ చేయించి, యాప్‌లో బుకింగ్ వివరాలు చూడండి. డబ్బు కట్టినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. కౌంటర్లో కొన్నదైతే పాత నెలల టికెట్లు, ఫొటో గుర్తింపు కార్డు ఇంట్లో వెతకండి. ఆఫీసు హాజరు పట్టీ, రోజూ కలిసి వెళ్లే తోటి ప్రయాణికుడి సాక్ష్యం కూడా బలమే.

అసలు చిక్కు వేరే చోట వస్తుంది. పట్టాలు దాటుతుంటే రైలు గుద్దిందని రైల్వే వాదించవచ్చు. స్టేషన్ మాస్టర్ మెమో, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదికల సర్టిఫైడ్ కాపీలు తీసుకుని, మృతదేహం పట్టాల మధ్య ఉందా, పక్కన ఉందా, మొదట ఎవరు కబురిచ్చారు అన్నవి చదవండి. కన్నడంలో ఉంటే అనువాదం చేయించాలి.

మీవాళ్లు ఉంటున్న చోటు, టికెట్ కొన్న చోటు, ప్రమాద స్థలం, గమ్యస్థానం – వీటిలో దేని పరిధిలోని బెంచ్‌లోనైనా వేయవచ్చు. రికార్డులు, సాక్షులు కర్ణాటకలో ఉన్నందున బెంగళూరే నయం. దళారులకు మాత్రం ఖాళీ కాగితాల మీద, చెక్కుల మీద సంతకాలు ఇవ్వొద్దు. పరిహారం మీ మరదలి సొంత ఖాతాలోనే పడాలి.

పీఎఫ్ ఉంటే కుటుంబ పెన్షన్‌తో పాటు గరిష్ఠంగా 7 లక్షల వరకు వచ్చే ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో ముడిపడిన జీవిత బీమా)కూ విడిగా దరఖాస్తు పెట్టించండి.