విశాఖకు కంపెనీలు వస్తున్నాయి సరే, మా అబ్బాయికి ఏ బ్రాంచి?

ప్రశ్న: నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేస్తున్నాను. ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. మా అబ్బాయికి ఈఏపీసెట్‌లో మధ్యస్థమైన ర్యాంకు వచ్చింది. కన్వీనర్ కోటాలో ఫర్వాలేదనిపించే కళాశాలలో ఎలక్ట్రికల్ సీటు రావచ్చు, వాడికీ అదే ఇష్టం. పుస్తకం పట్టకుండా అపార్ట్‌మెంటు మోటారు స్టార్టరు విప్పుకొని కూర్చుంటాడు. మా ప్లాంటు పరిస్థితి చూశాక ఎలక్ట్రికల్, మెకానికల్ వంటి కోర్ బ్రాంచీలంటేనే నాకు భయం పట్టుకుంది. గూగుల్, టీసీఎస్ విశాఖకు వస్తున్నాయి కాబట్టి దువ్వాడ దగ్గరున్న స్థలం అమ్మి, యాజమాన్య కోటాలో ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) బ్రాంచిలో చేర్పిద్దామనుకుంటున్నాను. మన ప్రాంతంలో ఏ ఉద్యోగాలు పెరుగుతాయో, ఏవి తగ్గుతాయో పోల్చి చెప్పగలరు.

జవాబు: ఏటా కౌన్సెలింగ్ రోజుల్లో గాజువాక, కూర్మన్నపాలెం, అనకాపల్లి వైపు నుంచి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. అడిగేది బ్రాంచి గురించే అయినా, క్వార్టరు, క్యాంటీను, ఆసుపత్రి, నెల తిరిగేసరికి జీతం అన్న భరోసాతో తాము గడిపిన జీవితం పిల్లలకు దక్కదేమోనన్న బెంగే దాని వెనక ఉంటుంది. ఆ బెంగ న్యాయమైనదే. అయితే దానికి మందు ఏఐ-ఎంఎల్ అని మీకు ఎవరు చెప్పారో గానీ, వారు మీ స్థలం ధర అడిగే ఉంటారు.

ముందు మీ ప్లాంటు సంగతే చూద్దాం. 2021 జనవరిలో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ఆ ఏడాదే ఇనుము తయారుచేసే మూడో కొలిమి (బ్లాస్ట్ ఫర్నేస్) మళ్లీ పనిచేయడం మొదలుపెట్టింది. స్వచ్ఛంద పదవీ విరమణలు, కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు కూడా ఆ ఏడాదే జరిగాయి. ఉత్పత్తి పెంచే ప్రయత్నమూ మనుషులను తగ్గించే ప్రయత్నమూ ఒకే ప్రాంగణంలో ఒకేసారి నడిచాయన్నది మీరు నాకంటే దగ్గరగా చూశారు. దీన్ని బట్టి ఉక్కు పరిశ్రమకు కాలం చెల్లిందని అనుకోవడం తొందరపాటే అవుతుంది. ఎందుకంటే నక్కపల్లి దగ్గర ఆర్సెలార్ మిత్తల్-నిప్పన్ స్టీల్ మరో పెద్ద కర్మాగారం కడతానంటోంది. తగ్గిపోతున్నది ఒకే గేటు లోపల ముప్పై అయిదేళ్లు గడిపే పర్మనెంటు ఉద్యోగం, అది సాఫ్ట్‌వేరులోనూ లేదు.

నిజంగా అంతరించిన పనులు మన జిల్లాల్లో లేకపోలేదు. 2009లో లాకౌట్ పడిన చిట్టివలస జూట్ మిల్లు, తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మన కళ్లముందే మూతపడ్డాయి. ఆ మిల్లుకే పరిమితమైన పని తప్ప మరొకటి రానివారు ఎక్కువగా నష్టపోయారని, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు తక్కువ జీతానికైనా మరోచోట కుదురుకోగలిగారని ఆ కుటుంబాలతో మాట్లాడినప్పుడు నాకు అర్థమైంది.

పెరుగుతున్న వాటిలో పరవాడ, అచ్యుతాపురం ఔషధ పరిశ్రమ ముందుంది. నక్కపల్లిలో మందుల ముడిసరుకు తయారీకి ఉద్దేశించిన బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. కెమిస్ట్రీ చదివినవారికి, కెమికల్ ఇంజనీర్లకు ఇక్కడ పని దొరుకుతుంది గానీ మొదటి జీతాలు చిన్నవి, ప్రమాదమూ ఎక్కువే. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లోని ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయిన సంగతి మరిచి ఎవరికీ ఈ దారి చెప్పలేను. ఇక రిఫైనరీ సామర్థ్యాన్ని హెచ్‌పీసీఎల్ ఏటా 83 లక్షల టన్నుల నుంచి 150 లక్షల టన్నులకు పెంచే విస్తరణ చేపట్టింది. సింహాద్రి విద్యుత్ కేంద్రం, షిప్‌యార్డు, డాక్‌యార్డు, పోర్టు ఉండనే ఉన్నాయి.

మీరు ఆశ పెట్టుకున్న కంపెనీల విషయానికొద్దాం. ఎకరా 99 పైసలకు స్థలం తీసుకున్న టీసీఎస్ 12 వేల ఉద్యోగాలని, అదే ధరకు తీసుకున్న కాగ్నిజెంట్ 8 వేలని చెప్పాయి. అవన్నీ మన పిల్లల కోసం ఖాళీగా ఉంచిన కుర్చీలని అనుకోవద్దు. అవి కొన్నేళ్లలో దశలవారీగా నిండే అంకెలు. వాటిలో హైదరాబాద్, బెంగళూరుల నుంచి సొంత ఊరికి బదిలీ కోరుకునే అనుభవజ్ఞులకూ వాటా ఉంటుంది. ఆ టీసీఎస్సే 2025లో ప్రపంచవ్యాప్తంగా తన సిబ్బందిలో దాదాపు రెండు శాతాన్ని, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తానని ప్రకటించింది. వచ్చే ఉద్యోగాల వార్తను పేపరు కత్తిరించి దాచుకునే తల్లిదండ్రులు పోయే ఉద్యోగాల వార్త దగ్గరకు వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు.

విశాఖలో ఏఐ డేటా సెంటర్ కోసం గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన పెట్టుబడి అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు. పెట్టుబడిలో పెద్దదే గానీ డేటా సెంటర్ అంటే వరుసగా డెస్కుల ముందు కోడింగ్ చేసేవారితో నిండిన కార్యాలయం కాదు. కట్టేటప్పుడు వేలమందికి పని దొరుకుతుంది, కట్టాక లోపల తిరిగేది కొద్దిమందే. ఆ కొద్దిమందీ చేసేది ఏమిటంటే, సర్వర్ల వేడి దించే చిల్లర్లు, కరెంటు పోయిన క్షణంలో అందుకునే యూపీఎస్ బ్యాటరీలు, ఆ వెంటనే స్టార్టవ్వాల్సిన జనరేటర్లు, సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటును అందుకునే హెచ్‌టీ (హై టెన్షన్) ప్యానెళ్లు, వీటి రీడింగులు షిఫ్టు షిఫ్టుకూ రాసుకుంటూ ఎక్కడ తేడా వచ్చినా నిమిషాల్లో సరిచేయడం. అది ఎలక్ట్రికల్ చదివినవాడి పని. ఏఐ విశాఖకు వస్తోందని మీరు మీ అబ్బాయిని ఏ బ్రాంచికి దూరం చేయబోతున్నారో, ఆ ఏఐ భవనానికి విశాఖలో ముందుగా కావలసినది ఆ బ్రాంచివారే!

ఏఐ-ఎంఎల్ బ్రాంచిపై నా అనుమానాలు కూడా దాచను. పేరులో ఏఐ చేరినంత వేగంగా కళాశాలల్లో దాన్ని బోధించగల అధ్యాపకులు చేరలేదు. సిలబస్‌లో అధికభాగం కంప్యూటర్ సైన్సే, చివర్లో కొన్ని సబ్జెక్టులు మారతాయి. అసలైన ఏఐ పనికి కావలసిన లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా వచ్చిన విద్యార్థి ఏ బ్రాంచి నుంచైనా అక్కడికి చేరగలడు, రానివాడికి సర్టిఫికెట్ మీది రెండక్షరాలు ఇంటర్వ్యూలో అయిదు నిమిషాలు కూడా అక్కరకు రావు. టీసీఎస్ లాంటి ఐటీ సేవల కంపెనీలు ప్రాంగణ నియామకాల్లో చాలావరకు అన్ని బ్రాంచీలవారికీ ఒకే పరీక్ష పెడతాయి. వాటిలో కొత్తవారి వార్షిక జీతం ఏళ్ల తరబడి మూడున్నర లక్షల దగ్గరే కదలకుండా ఉంది. దానికోసం స్థలం అమ్మాలా? పైగా ఆ కంపెనీలు కొత్తవారికి మొదట అప్పగించే టెస్టింగ్, చిన్న చిన్న కోడింగ్ పనులనే ఏఐ సాధనాలు ముందుగా మింగుతున్నాయి.

కాస్త కటువుగానే చెబుతున్నాను, మన్నించండి. మీ అబ్బాయి స్టార్టరు విప్పుకొని కూర్చుంటాడని మీరు ఫిర్యాదుగా రాశారు. పదిహేడేళ్ల కుర్రాడు ఎవరూ చెప్పకుండా ఓవర్‌లోడ్ రిలే ఎందుకు ట్రిప్ అవుతోందో వెతుక్కుంటున్నాడంటే, నాలుగేళ్లు ల్యాబులకు వెళ్లినా కొందరికి పట్టుబడని ఓపిక వాడికి అప్పటికే ఉంది. మీరు దాన్ని అల్లరి కింద జమకట్టారు. ప్లాంటులో మీకు జరిగినదాని మీద కోపం ఆ అబ్బాయి ఇష్టం మీద చూపించడం సరికాదు.

ఎలక్ట్రికల్ చదివితే చాలు ఉద్యోగం ఇంటికి వస్తుందని అనడం లేదు. మొదటి రెండేళ్లు షిఫ్టులు, తక్కువ జీతం, బహుశా కాంట్రాక్టు, ఊరు మారడం కూడా తప్పకపోవచ్చు. మీరు అడిగిన పోలిక పట్టిక రూపంలో ఇవ్వలేకపోయాను. పదేళ్ల తర్వాత ఏ కంపెనీ ఎన్ని ఉద్యోగాలిస్తుందో చెప్పేవారిని మీరూ నమ్మవద్దు. కరెంటు లేకుండా నడిచే పరిశ్రమ మాత్రం ఈ పట్టీలో ఒక్కటీ లేదు. ఉక్కు, మందులు, రిఫైనరీ, డేటా సెంటర్, ఏది పెరిగినా ఏది తగ్గినా మీ అబ్బాయి ఒకదాని నుంచి మరొకదానికి మారగలడు. మీకు లేని వెసులుబాటు అది.

వెబ్ ఆప్షన్లలో ఎలక్ట్రికల్‌ను ముందు పెట్టనివ్వండి. కళాశాలను ఎంచుకునేటప్పుడు వెళ్లి మెషిన్స్ ల్యాబు తెరిపించి, మోటార్లు తిరుగుతున్నాయో దుమ్ము పట్టి ఉన్నాయో మీరే చూడండి. ఆ పరీక్షకు మీకంటే తగినవారు లేరు. పైథాన్, కర్మాగారాల్లో యంత్రాలను నియంత్రించే పీఎల్‌సీ ప్రోగ్రామింగ్ రెండో ఏడాది నుంచి పక్కన నేర్చుకుంటే చాలు. కౌన్సెలింగ్ చివరి విడత ముగిసేవరకు స్థలం గురించి బ్రోకరుతో మాట్లాడకండి.